జూన్ 14 రక్తదానం క్యాంపుకి ముందు స్టాఫ్‌తో చేయించాల్సినవి

కొత్త టెక్నీషియన్లకి ఊరికే చెప్తే గుర్తుండదు, ఒకళ్లని మంచం మీద పడుకోబెట్టి చేయించండి.

– రక్తం ఇస్తూ కళ్లు తిరిగినోళ్లని లేపి కూర్చోబెట్టొద్దు. మెదడుకి రక్తం అందకే పడిపోయారు, నిటారుగా ఉంచితే ఫిట్స్‌లా కొట్టుకోవచ్చు కూడా, అందుకే ముందు సూది తీసేసి వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి.

– మొహం పాలిపోయి, పైపెదవి మీద చెమట, ఆవలింతలు వస్తుంటే అప్పుడే రక్తం తీయడం ఆపేయండి, "ఇంకొంచెమే అన్నా" అనొద్దు.

– పూర్తిగా తెలివి రాకుండా నీళ్లు పట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి (మనోళ్లు ముందు చేసేది ఇదే!).

– ఒకట్రెండు నిమిషాల్లో తేరుకోకపోతే డాక్టర్‌ని పిలవండి. పలక్కుండా, ఊపిరి సరిగా ఆడకపోతే వెంటనే సీపీఆర్, 108.

– రక్తం ఇవ్వడం అయ్యాక పదిహేను నిమిషాలు కదలనివ్వొద్దు. మా దగ్గర ఒకబ్బాయి జ్యూస్ తాగుతూనే కుర్చీలోంచి జారిపోయాడు.