గోదావరి డెల్టాలో పెరటి కొలను కట్టడం ఎలా?

గొయ్యి తవ్వి, షీటు పరిచి, నీళ్లు నింపేస్తే కొలను అయిపోతుందని చాలా వీడియోల్లో చూపిస్తారు. అమలాపురంలోనో పాలకొల్లులోనో అలాగే చేస్తే మొదటి వానాకాలంలోనే షీటు అడుగు నుంచి ఉబ్బి పైకి లేస్తుంది. తామర కుండీలు ఒరిగిపోతాయి, మట్టంతా నీళ్లలో కలుస్తుంది. పంట కాలువల్లో నీరు పారుతూ, పైన వానలు పడుతున్నన్నాళ్లూ మన నేలలో నీరు అడుగు రెండడుగుల్లోకే వచ్చేస్తుంది. ఆ నీటికి కొలనులోని నీటికన్నా ఎత్తు ఎక్కువైతే కింద నుంచి తోస్తుంది. మన ఊళ్లలో కొలను పాడవడానికి ముఖ్య కారణం ఇదే.

అందుకే డెల్టాలో కొలను సగానికి పైగా నేల మీదే ఉండాలి. లోపలి నీటిమట్టం ఎప్పుడూ బయటి నేల కన్నా ఎత్తుగా ఉంటే, భూమిలో నీరు ఎంత పైకొచ్చినా షీటుని కదపలేదు. కింద చెప్పిన కొలతలన్నీ ఈ లెక్క మీదే వేసినవి.

ముందు నేలని పరీక్షించండి

శ్రావణ భాద్రపదాల్లో అనుకున్న చోట మూడడుగుల గుంట తవ్వి, వాన నీరు పడకుండా రేకు కప్పి, ఒక రోజు వదిలేయండి. నీరు ఎంతవరకు ఊరిందో కొలవండి. ఎండాకాలంలో ఈ పరీక్ష చేస్తే గుంట పొడిగా కనిపించి మోసపోతారు. అప్పుడు వీధిలో పాత నుయ్యి ఉంటే వానాకాలపు నీటి చార ఒరల మీద ఎక్కడ ఉందో చూడండి.

నీరు నేల పైమట్టానికి అడుగులోపే నిలిస్తే తవ్వకం జోలికి పోకండి. పూర్తిగా నేల మీద కట్టుకోండి, లేదా చివర్లో చెప్పిన ఒరల కొలను పెట్టుకోండి. అంతకన్నా దిగువన ఉంటే ఈ పద్ధతి సరిపోతుంది.

నల్లమన్ను ఎండకి బీటలు వారుతుంది, వానకి ఉబ్బుతుంది. దాని మీద నేరుగా లేపిన సిమెంటు తొట్టి ఒకటి రెండేళ్లలో చీలుతుంది. గోడ కింద ఇసుక పరుపు, లోపల సాగే షీటు ఉంటే నేల కొంచెం కదిలినా నీరు పోదు. లంక భూముల్లోనూ సముద్రం దగ్గరి ఇసుక నేలల్లోనూ బీటల బెడద ఉండదు కానీ నీరు నిమిషాల్లో ఇంకిపోతుంది. అక్కడా షీటు తప్పదు.

చోటు

కలువకీ తామరకీ రోజుకి కనీసం ఐదారు గంటల ఎండ కావాలి. పొద్దుటి ఎండ తగిలి, మూడు దాటాక నీడ పడే చోటు దొరికితే అంతకన్నా మంచిది లేదు. వాస్తు చూసుకునేవారు ఈశాన్యం కోరుకుంటారు. ఆ మూల చెట్లు లేకపోతే తూర్పు ఎండ బాగా పడుతుంది కాబట్టి మొక్కలకీ అనుకూలమే.

కొబ్బరి చెట్టు మొదలుకి పన్నెండు, పదిహేను అడుగుల దూరం ఉండాలి. ఎత్తు నుంచి పడ్డ ఎండు మట్ట కోసు దిగితే షీటు చిరుగుతుంది, కాయ పడితే నాపరాయి పగులుతుంది. చింత, మునగ ఆకులు చిన్నవి. వలకి దొరకకుండా అడుక్కి చేరి కుళ్లుతాయి. ఇంటి చూరు నీళ్లు కొలనులో పడకూడదు. సెప్టిక్ ట్యాంకుకి ఎంత దూరమైతే అంత మంచిది.

కొలతలు, సామాను

లోపలి కొలత 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. నేల కింద ఒక అడుగు, పైన అడుగున్నర. నీరు రెండడుగులే నింపుతాం, పైన ఆరంగుళాలు ఖాళీ. అంటే 80 ఘనపుటడుగులు, సుమారు 2,250 లీటర్లు. (ఘనపుటడుగుకి 28.3 లీటర్లు. మీ కొలతలు వేరైతే దీంతో లెక్కేసుకోండి.) ఇంతకన్నా చిన్నదైతే మే నెల ఎండకి నీరు తొందరగా కాగుతుంది.

- ఎర్ర ఇటుకలు 800 (తొమ్మిదంగుళాల గోడకి)
- సిమెంటు 5 బస్తాలు, 40 మిల్లీమీటర్ల కంకర 12 ఘనపుటడుగులు
- ఇసుక ఒక ట్రాక్టరు. సముద్రపు ఇసుక సిమెంటు పనికి వద్దు, ఉప్పు గోడని తినేస్తుంది.
- నల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు, 500 మైక్రాన్లు, 15 × 12 అడుగులు
- పాత ఫ్లెక్సీలు, రెండు పొరలకి సరిపడా
- ఒకటిన్నర అంగుళాల ట్యాంక్ నిపుల్ (పొర్లు కన్నంలో బిగించే పైపు ముక్క), రెండు రబ్బరు వాషర్లు, పీవీసీ పైపు
- గోడ మీదకి నాపరాళ్లు, అడుగు వెడల్పువి, 30 అడుగుల పొడవుకి

షీటు లెక్క ఇలా: పొడవుకి రెండు వైపుల లోతు, రెండు వైపులా గోడ మీద మడతకి అడుగు చొప్పున కలపాలి. 8 + 5 + 2 = 15. వెడల్పుకీ అంతే, 5 + 5 + 2 = 12. రొయ్యల చెరువులకి వేసే షీటు ఇదే. భీమవరం వైపు ఆక్వా సామాన్ల కొట్లలో కావలసిన ముక్క కోసి ఇస్తారు. నీలం టార్పాలిన్ చవకని కొనకండి, ఎండకి పొరలు పొరలుగా లేచిపోతుంది.

కట్టుబడి

మాఘ ఫాల్గుణాల్లో మొదలుపెట్టండి. నేలలో నీరు దిగి ఉంటుంది, కాలువలు కట్టేసే లోపు నీళ్లు నింపుకోవచ్చు, తామర దుంప నాటడానికీ అదే అదను.

1. పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, 22 అంగుళాల లోతు గొయ్యి తవ్వండి. పైమన్ను ఏడెనిమిది గంపలు విడిగా పోసి ఉంచండి, కుండీలకి కావాలి. మిగతాది తర్వాత గోడ చుట్టూ మెరక చేయడానికి.

2. ఆరంగుళాల ఇసుక రెండు విడతలుగా పోసి, నీళ్లు పెట్టి, దిమ్మిసతో కొట్టండి. పందికొక్కుల బెడద ఉంటే ఇసుక పోసే ముందే అడుగున కోళ్ల మెష్ పరవండి. అవి కింద నుంచి తొలుచుకొచ్చి షీటు కొరుకుతాయి.

3. గోడ వచ్చే చోట మాత్రం 15 అంగుళాల వెడల్పు, నాలుగంగుళాల మందం కాంక్రీటు పట్టీ వేయండి (సిమెంటు, ఇసుక, కంకర 1:4:8). పట్టీ మధ్య ఖాళీలో దాని ఎత్తుకి ఇసుక నింపితే అడుగు నేలకి సరిగ్గా అడుగు కింద ఉంటుంది.

4. దాని మీద సిమెంటు, ఇసుక 1:6 పాళ్లతో రెండున్నర అడుగుల గోడ కట్టండి. లోపలి నేల నుంచి రెండడుగుల ఎత్తున, పొర్లు నీరు పోవడానికి పైపు పట్టేంత కన్నం వదలండి. రసమట్టం ప్రతి వరసకీ పెట్టండి. గోడ తల ఒక మూల అంగుళం దిగినా, నిండిన కొలనులో ఆ వంకర మొదట కంట పడుతుంది.

5. లోపల 1:4 తో నున్నగా పూత వేసి, మూలలు కొంచెం గుండ్రంగా తిప్పండి. ఇసుక పలుకులు పొడుచుకుని ఉంటే షీటుకి గుచ్చుకుంటాయి, గోనె గుడ్డతో రుద్దించండి. వారం పది రోజులు తడపండి. గోడకీ బయటి మట్టికీ మధ్య సందు ఇసుకతోనే నింపాలి. నల్లమన్ను నింపితే వానాకాలంలో ఉబ్బి గోడని తోస్తుంది.

షీటు వేయడం

ఈ పని ఎండలో చేయాలి. షీటు గంటసేపు ఎండలో పరిస్తే మెత్తబడుతుంది, చల్లగా ఉన్నప్పుడు మడిస్తే నలిగిన చోట గీత పడుతుంది. ముందు ఫ్లెక్సీలు అడుగునా గోడలకీ రెండు పొరలు వేయండి. గోనె సంచులు వేస్తే చెద పడుతుంది.

షీటు వదులుగా దింపండి. బిగించి లాగితే నీటి బరువుకి మూలల్లో సాగి తెగుతుంది, ఎందుకంటే లోపల పడేది రెండు టన్నుల పైచిలుకు. మూల దగ్గర మిగిలే షీటుని పుస్తకానికి అట్ట వేసేటప్పుడు మడిచినట్టు ఒకే పెద్ద మడతగా గోడకి అణచండి. చిన్న ముడతలు ఎక్కువైతే వాటి సందుల్లో మురికి చేరుతుంది, కడగలేం.

ఇప్పుడు నీళ్లు వదలండి. అడుగు నిండాక మడతలు సర్ది, మళ్లీ నింపండి. నీరు పొర్లు కన్నానికి రెండంగుళాల కిందికి వచ్చినప్పుడే అక్కడ షీటుకి చిన్న అడ్డగాటు నిలువుగాటు పెట్టి నిపుల్ బిగించాలి. లోపలో వాషరు, బయటో వాషరు. ఖాళీ కొలనులోనే కోసేస్తే నీటి బరువుకి షీటు కిందికి జారుతుంది, కోత కన్నానికి తప్పిపోతుంది. పైపు నోటికి మెష్ కట్టండి, లేకపోతే తుపాను వానకి చేపలు వీధి కాలువలోకి పోతాయి.

నాపరాళ్లు చివర. షీటు అంచు గోడ మీదకి మడిచి, సిమెంటుతో రాళ్లు కూర్చోబెట్టండి. రాయి లోపలి వైపు అంగుళం, రెండంగుళాలు ముందుకి వస్తే షీటు అంచుకి ఎండ తగలదు. సిమెంటు నీళ్లలో పడకుండా చూసుకోండి. పడితే నీటికి క్షారం ఎక్కి చేపలు చస్తాయి.

ఏ నీళ్లు?

పంట కాలువ నీళ్లే మేలు. సఖినేటిపల్లి, అల్లవరం లాంటి తీర మండలాల్లో చాలాచోట్ల బోరు నీరు ఉప్పు తగులుతుంది, తామర ఆకు అంచులు మాడతాయి. మురుగు కాలువ నీరు వద్దు, చేలల్లో కొట్టిన పురుగుమందులు అందులోకే దిగుతాయి. రొయ్యల చెరువు నీళ్లూ వద్దు. పంచాయతీ కుళాయి నీళ్లయితే రెండు రోజులు ఎండలో నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది. వరదల్లో వచ్చే ఎర్రనీరు నేరుగా పోయకండి. డ్రమ్ముల్లో పట్టి, వెయ్యి లీటర్లకి 40 గ్రాముల పటిక కలిపి, తేరాక పైనీరు తోడి పోయండి. చిల్లగింజ అరగదీసి వేసినా తేరుకుంటుంది.

మొక్కలు

కడియం, కడియపులంక నర్సరీల్లో తామర, కలువ రకాలు దొరుకుతాయి. తామరకి అడుగున కన్నం లేని 18 అంగుళాల తొట్టి, కలువకి 12 అంగుళాలది. తీసి ఉంచిన నల్లమన్ను ఆరంగుళాలు నింపి, పైన అంగుళం ముతక ఇసుక. కొబ్బరి పొట్టు తేలిపోతుంది, పచ్చి పేడ నీటిని వారంలో పచ్చగా మారుస్తుంది. రెండూ వద్దు.

తామర దుంపని పడుకోబెట్టి, మొలక కొస పైకి కనిపించేలా మట్టి కప్పండి. కొసని అదిమితే అది విరుగుతుంది, ఆ దుంప ఇక లేవదు. మొదట తొట్టి మీద రెండంగుళాల నీరే ఉండాలి. అందుకని మోర్టారు లేకుండా పేర్చిన ఇటుకల మీద తొట్టి పెట్టి, ఆకులు నీటి పైకి లేచాక ఒక్కో వరస తీస్తూ దించండి. ఇటుకల కింద షీటు ముక్క రెండు మడతలు వేయడం మర్చిపోవద్దు.

మూడు నాలుగు వారాలకోసారి చెంచాడు ఎముకల పొడి కాగితంలో చుట్టి మట్టిలో లోతుగా గుచ్చండి. ఆకులు నీటిలో సగానికి పైగా కప్పేదాకా పాకుడు తగ్గదు. హైడ్రిల్లా అనే తీగ నాచు నాలుగు కట్టలు అడుగున వేస్తే మంచిది.

గుర్రపుడెక్క పువ్వు ఎంత అందంగా ఉన్నా తేకండి. పెరిగింది తీసి పంట బోదెలో వేశారంటే అది కాలువ పట్టి పోతుంది. మన కాలువలకి ఇప్పటికే ఉన్న భారం చాలు.

చేపలు

ఎండలకి గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు. నీళ్లు నింపిన నాలుగైదు రోజుల్లోనే దోమ పిల్లల్ని తినే చిన్న చేపలు, గప్పీలు 40 వదలండి, అవే పెరుగుతాయి. సంచిని ఇరవై నిమిషాలు కొలను నీటిలో తేల్చి అప్పుడు విప్పండి. గోల్డ్ ఫిష్ కావాలంటే రెండు నెలలాగి ఆరు వేసుకోండి. కోయి చేపలు ఈ లోతుకి వద్దు, కుండీల్లో మన్నంతా పెళ్లగిస్తాయి. బొచ్చె, శీలావతి కిలోల్లోకి పెరుగుతాయి. కొరమీను మిగతా వాటిని మింగేస్తుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం దేశంలో నిషేధం. మేత రెండు మూడు నిమిషాల్లో తినేసేంతే.

గప్పీలు, మొక్కలతోనే ఉంటే పంపు అక్కర్లేదు. గోల్డ్ ఫిష్ వేస్తే గంటకి వెయ్యి లీటర్ల పంపు పెట్టండి. దాని కనెక్షన్‌కి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉండి తీరాలి. నీటి ధార కలువల మీద పడకూడదు, జల్లు పడితే అవి సరిగా పూయవు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే నీటి మట్టానికి పైన రెండంగుళాల గళ్ల వెల్డ్ మెష్ బిగించండి. అడుగున్నర గోడ పాకే బిడ్డని ఆపుతుందేమో, నడిచే బిడ్డని ఆపదు. ఈ ఒక్క పనీ వాయిదా వేయకండి.

తేడా వస్తే

నీరు తగ్గుతోంది: ఎండల్లో వారానికి రెండంగుళాల దాకా ఆవిరవడం మామూలే. అనుమానం ఉంటే బకెట్ నిండా నీళ్లు పోసి కొలను లోపలి ఇటుకల మీద పెట్టండి, మర్నాడు రెండిటి తగ్గుదల పోల్చండి. కొలను ఎక్కువ తగ్గితే కారుతున్నట్టే. అది ఎక్కడ ఆగితే కన్నం ఆ మట్టంలో ఉంటుంది, ముందు నిపుల్ దగ్గరే చూడండి.

నీరు పచ్చబడింది: మొత్తం తోడేసి కొత్తది పోస్తే వారంలో మళ్లీ అంతే. మేత తగ్గించి, ఆకుల నీడ పెంచండి. మేలో పైన 50 శాతం షేడ్ నెట్ కట్టండి.

తెల్లారేసరికి చేపలు నోళ్లు తెరిచి పైకి తేలుతున్నాయి: రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి, ముసురు పట్టిన రోజుల్లో పగలు తయారయ్యేదే తక్కువ. చేపల, రొయ్యల చెరువుల దగ్గర రాత్రిళ్లు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పేది ఇందుకే. పావు వంతు నీరు మార్చి, రాత్రంతా పంపు నడపండి.

శుభ్రం చేయడానికి కొలను పూర్తిగా ఖాళీ చేయాల్సి వస్తే ఫాల్గుణం తర్వాతే. వానాకాలంలో లోపలి బరువు తీసేస్తే కింది నీరు షీటుని లేపుతుంది.

చోటు లేనివారికి ఒరల కొలను

మూడడుగుల సిమెంటు ఒరలు రెండు, అడుగు ఎత్తువి, ఒకదాని మీద ఒకటి. అడుగున మూడంగుళాల కాంక్రీటు, అతుకుల్లో వాటర్‌ప్రూఫ్ కలిపిన సిమెంటు. నీరు 350 లీటర్లు పడుతుంది, ఒక తామర తొట్టికీ పది గప్పీలకీ చాలు. ఇందులో షీటు ఉండదు కాబట్టి కొత్త సిమెంటు క్షారం పోవాలి. అరటి బోదె ముక్కలు వేసి వారం నానబెట్టి పారబోయండి, అలా మూడుసార్లు. ఆక్వా కొట్లో దొరికే కిట్‌తో పీహెచ్ చూసి, 8.5 లోపుకి దిగాకే చేపలు వేయండి.