సిరీస్ ముగిశాక క్రికెట్ వార్తలను ఎలా చదవాలి: ఓవల్ టెస్టు చెప్పే పాఠం

ఇంగ్లండ్‌తో ఐదు టెస్టుల సిరీస్ 2025 ఆగస్టు 4, సోమవారం నాడు ఓవల్ మైదానంలో ముగిసింది. భారత్ 6 పరుగుల తేడాతో గెలిచి సిరీస్‌ను 2-2తో సమం చేసింది. ఆ తరువాత ఎక్కడ చూసినా రెండు మాటలే వినిపించాయి. ఒకటి, హైదరాబాదీ సిరాజ్ ప్రాణం పెట్టి ఆడాడని. రెండోది, బుమ్రా లేనప్పుడే మన జట్టు గెలుస్తోందని. మొదటి మాట నిజం, కానీ అందులో సగమే ఉంది. రెండో మాట లెక్కకు సరిపోతుంది గానీ అర్థానికి సరిపోదు. ఇలాంటి మాటలను ఎలా తూచి చూడాలో ఈ సిరీస్‌నే ఉదాహరణగా తీసుకుని చెబుతాను. ఏళ్ల తరబడి టెస్టులు చూస్తున్న అభిమానిగా, ఆటగాళ్లకు మనం ఇవ్వగలిగిన కనీస గౌరవం వాళ్లు చేసిన పనిని సరిగ్గా చదవడమేనని నమ్ముతాను.

ముందుగా శీర్షికను పక్కన పెట్టి స్కోరుకార్డు తెరవండి. ఒక ఆటగాడు ఉన్న మ్యాచ్‌లు, లేని మ్యాచ్‌లు అని గెలుపోటములను రెండు కుప్పలుగా పోస్తున్న వార్త కనిపిస్తే, ఒక్కో మ్యాచ్ ఎందుకు పోయిందో, అందులో ఆ ఆటగాడి వంతు ఎంతో విడిగా రాసుకోండి. లీడ్స్‌లో మన జట్టు తరఫున ఐదు సెంచరీలు నమోదైనా ఓడిపోయాం. మొదటి ఇన్నింగ్స్‌లో 3 వికెట్లకు 430 పరుగుల నుంచి 471కి ఆలౌట్ అయ్యాం. రెండో ఇన్నింగ్స్‌లో 4 వికెట్లకు 333 నుంచి 364కే కుప్పకూలాం. ఆ మ్యాచ్‌లో బుమ్రా మొదటి ఇన్నింగ్స్‌లో 83 పరుగులకు 5 వికెట్లు తీశాడు, అతని బౌలింగ్‌లో క్యాచ్‌లు కూడా జారిపోయాయి. రెండో ఇన్నింగ్స్‌లో మాత్రం అతనికి వికెట్ దక్కలేదు, ఇంగ్లండ్ 371 పరుగుల లక్ష్యాన్ని ఛేదించింది. లార్డ్స్‌లో అతను మొత్తం 7 వికెట్లు తీశాడు. లక్ష్యం 193 పరుగులే అయినా మనవాళ్లు 170కి ఆలౌటై 22 పరుగులతో ఓడారు. ఆ ఛేదనలో జడేజాకు తోడుగా 54 బంతులు ఎదుర్కొన్నది కూడా బుమ్రానే. మాంచెస్టర్‌లో మాత్రం అతను తేలిపోయాడు, 112 పరుగులిచ్చి 2 వికెట్లే తీశాడు. ఆ మ్యాచ్‌ను డ్రాగా ముగించింది బ్యాటర్లు.

అతను ఆడని బర్మింగ్‌హామ్‌లో గిల్ 269, 161 పరుగులు చేశాడు, ఆకాశ్ దీప్ 10 వికెట్లు తీశాడు, సిరాజ్ ఒకే ఇన్నింగ్స్‌లో 6 వికెట్లు పడగొట్టాడు. 336 పరుగుల ఆ గెలుపు బుమ్రా లేకపోవడం వల్ల వచ్చింది కాదు, వీళ్లంతా ఆడడం వల్ల వచ్చింది. ఇంత చూశాక మిగిలే లెక్క ఒక్కటే: సిరీస్‌లో బుమ్రా మూడు టెస్టుల్లో వికెట్‌కు 26 పరుగుల సగటుతో 14 వికెట్లు, సిరాజ్ ఐదు టెస్టుల్లో 32.43 సగటుతో 23 వికెట్లు తీశారు. ఒకరిని పొగడాలంటే ఇంకొకరిని తగ్గించాల్సిన అవసరం ఈ అంకెల్లో ఎక్కడా కనిపించదు.

తరువాత, ఒక మాట ఎవరు అన్నారో, ఎప్పుడు అన్నారో చూడండి. "విశ్వసనీయ వర్గాల సమాచారం" అని మొదలయ్యే వార్తను పేరు పెట్టి చెప్పిన మాటతో సమానంగా తీసుకోవద్దు. బుమ్రా ఐదు టెస్టులూ ఆడడని చీఫ్ సెలెక్టర్ అగార్కర్, కోచ్ గంభీర్ సిరీస్‌కు ముందే బహిరంగంగా చెప్పారు. అంతకుముందు ఆస్ట్రేలియాలో అతను 151.2 ఓవర్లు వేసి 32 వికెట్లు తీసి, సిడ్నీలో వెన్నునొప్పితో మైదానం వీడాడు. ఆ నొప్పి వల్లే చాంపియన్స్ ట్రోఫీకి దూరమయ్యాడు. ఈ వరుస గుర్తుంటే, పనిభారం పేరుతో తప్పించుకుంటున్నాడన్న రాతలు చదివినప్పుడు మనసు తొందరపడదు. విశ్రాంతి ఇచ్చిన తీరు సరైనదా కాదా అన్నది వేరే చర్చ, అది తప్పకుండా జరగాల్సిందే.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది పాత మాటను కొత్త సంఘటనకు ముడిపెట్టే వార్తలను. 2025 జనవరిలో చాంపియన్స్ ట్రోఫీ జట్టులో సిరాజ్‌కు చోటు దక్కలేదు. కొత్త బంతి చేతికివ్వకపోతే అతని ప్రభావం తగ్గుతుందని కెప్టెన్ రోహిత్ శర్మ కారణం చెప్పాడు. ఓవల్ చివరి రోజున ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లున్నాయి. 80 ఓవర్లు దాటి కొత్త బంతి తీసుకునే వీలు వచ్చినా మనవాళ్లు తీసుకోలేదు, పాత బంతితోనే సిరాజ్ పని ముగించాడు. రోహిత్‌కు ఇదే సమాధానం అని అనాలని ఎవరికైనా అనిపిస్తుంది, ఆ క్షణంలో నాకూ అనిపించింది. కానీ రోహిత్ మాట్లాడింది వన్డేల గురించి, తెల్ల బంతి గురించి, చివరి ఓవర్ల అవసరం గురించి. ఇక్కడ చేతిలో ఉన్నది ఇంగ్లండ్ మబ్బుల కింద 86వ ఓవర్లోనూ కదులుతున్న ఎర్ర డ్యూక్స్ బంతి, అంటే ఇంగ్లండ్‌లో టెస్టులకు వాడే బంతి. ఫార్మాట్ మారితే పోలిక చెల్లదు. సిరాజ్‌ను జట్టులోంచి తీసేయడం తప్పని వాదించాలనుకుంటే అతని వన్డే ప్రదర్శనతోనే వాదించాలి.

సిరాజ్ గురించి రాసేటప్పుడు తండ్రి ఆటో నడిపిన సంగతి, 2020లో ఆయన పోయినప్పుడు కొడుకు ఆస్ట్రేలియాలోనే ఉండిపోయిన సంగతి దాదాపు ప్రతిసారీ వస్తాయి. చదివిన ప్రతిసారీ నా కళ్లు చెమరుస్తాయి, అందులో దాచుకోవలసిందేమీ లేదు. అయితే ఆ కథతోనే ఆగిపోయిన వ్యాసం అతని పనిని చెప్పనట్టే. ఐదు టెస్టుల్లో 185.3 ఓవర్లు, అంటే 1,113 బంతులు వేశాడని, బంతి మీది కుట్టును (సీమ్) నిటారుగా కాకుండా కాస్త ఊగేలా వదిలి కుడిచేతి బ్యాటర్‌ను ఎటు ఆడాలో తెలియని స్థితిలో పెడతాడని చెప్పే వ్యాసం కోసం వెతకండి. అలాంటివి తక్కువే, దొరికినప్పుడు నలుగురికీ పంపండి.

తీర్పు చెప్పడానికి ఒక రోజు ఆగడం కూడా అలవాటు చేసుకోండి. నాలుగో రోజు ప్రసిద్ధ్ కృష్ణ బౌలింగ్‌లో ఇంగ్లండ్ బ్యాటర్ బ్రూక్ కొట్టిన బంతిని బౌండరీ దగ్గర పట్టుకున్న సిరాజ్ అదే ఊపులో బౌండరీ రోప్‌ను తొక్కాడు, దాంతో అది ఔట్ కాలేదు. అప్పుడు 19 పరుగుల మీదున్న బ్రూక్ 111 దాకా వెళ్లాడు. ఆ రాత్రి రాసినవాళ్లకు సిరాజ్ మ్యాచ్‌ను చేజార్చిన మనిషి, మర్నాడు సాయంత్రానికి అతనే ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్. ఏడు పరుగులు అటు వెళ్లి ఉంటే మొదటి మాటే మిగిలేది, అతను మ్యాచ్‌లో తీసిన వికెట్లను ఎవరూ లెక్కపెట్టేవారు కాదు.

చివరగా ఒక పని చేసి చూడండి. ఆ ఆఖరి వికెట్ వీడియోను శబ్దం పూర్తిగా తగ్గించి పెట్టుకోండి. అటు చివర భుజం జారిన ఇంగ్లండ్ ఆటగాడు వోక్స్ ఎడమ చేతిని స్వెటర్ లోపల కట్టుకుని నిలబడి ఉంటాడు. ఇటు అట్కిన్సన్ భారీ షాట్‌కు బ్యాట్ ఎత్తుతాడు. సిరాజ్ పరుగెత్తుకొచ్చే తీరును, చేతి కదలికను, బంతి పడిన చోటును మాత్రమే చూడండి. పాదాల దగ్గరికి దూసుకొచ్చిన యార్కర్ బ్యాట్‌ను దాటి ఆఫ్ స్టంప్‌ను పడగొడుతుంది. ఇప్పుడు ఆ మ్యాచ్ గురించి మీరు దాచుకున్న వార్తను తీసి మళ్లీ చదవండి, ఆ బంతి అందులో ఎన్ని వాక్యాల్లో ఉందో లెక్కపెట్టండి.