నాయకుడు లేని పోరాటంలో మాట కుదరనప్పుడు

మురుగు కాలువ పూడిక తీయించడానికో, శివారు పొలాలకు నీటి కోసమో మన డెల్టా ఊళ్లలో జనం తమంతట తామే కూడినప్పుడు ఎదురయ్యే చిక్కులివి.

సమస్య: సమావేశంలో అందరూ సరేనన్నారు. తెల్లారి గట్టు మీదకు పదిమందే వచ్చారు.

కారణం: మౌనాన్ని అంగీకారంగా లెక్కవేశారు. ఇక్కడ సాగు చేసేవారిలో కౌలుదార్లు చాలామంది. వచ్చే ఏడు పొలం ఎవరికివ్వాలో తేల్చే ఆసామి ఎదురుగా కూర్చుంటే కౌలుదారు కాదనలేడు. 2011 సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు, అంటే నిరసనగా ఆ కారు సాగు మానేశారు. అలాంటి నిర్ణయం భూమి ఉన్నవారికి ఒక పంట నష్టం; కౌలుదారుకు ఏడాది బతుకు. నాట్ల కూలికి వెళ్లే ఆడవాళ్ల ఇంట్లో ఆ నెల పొయ్యి వెలగడమే కష్టం. వీళ్లందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చేతులెత్తమంటే నిజం బయటికి రాదు.

పరిష్కారం: ముందు కౌలుదార్లు విడిగా, కూలీ స్త్రీలు విడిగా మాట్లాడుకోవాలి. ఆ తరువాతే పెద్ద సమావేశం. అక్కడ ఒక్కొక్కరినీ అడగాలి. ఒప్పుకుంటున్నారా? ఇష్టం లేకపోయినా అడ్డుచెప్పరా? తప్పని అడ్డుకుంటున్నారా? అడ్డుకున్నవారు కారణం చెప్పాలి, దానికి తగ్గట్టు ప్రతిపాదన మార్చి మళ్లీ అడగాలి. నారుమళ్ల అదను ఎవరి కోసమూ ఆగదు కాబట్టి, రెండుసార్లు మార్చినా కుదరకపోతే నాలుగింట మూడు వంతుల మంది మాట చెల్లుతుందని మొదటిరోజే ఒప్పుకుని ఉండాలి. పంట విరామాన్ని మాత్రం, కౌలుదార్లు కాదంటున్నప్పుడు, లెక్కతో నెగ్గించడం నాకు సమ్మతం కాదు.

సమస్య: ప్రతిసారీ ఆ ఇద్దరే మాట్లాడుతున్నారు.

తూము దగ్గరి పొలం నీళ్లన్నీ పట్టేస్తే శివారు ఎండుతుంది. దాళ్వాలో (రబీలో) నీరు చాలనప్పుడు వంతులు పెట్టుకుంటాం కదా, మాటకూ అలాగే పెట్టాలి. అదే 2011లో న్యూయార్క్ జుకోటి పార్కులో కూడిన 'ఆక్యుపై వాల్ స్ట్రీట్' ఉద్యమకారులు, తక్కువగా వినిపించే గొంతులను వరుసలో ముందుకు తెచ్చారు. మైకులకు అనుమతి లేకపోతే ఒకరి వాక్యాన్ని చుట్టూ ఉన్నవారు గొంతు కలిపి వెనుక వరుసలకు అందించారు. కరెంటు పోయిన ఒక రాత్రి రామాలయం అరుగు మీద మేమూ అలాగే చేశాం. పొడుగు ఉపన్యాసాలు వాటంతట అవే తగ్గాయి.

సమస్య: సమావేశానికి ఊళ్లో ఒక వేళ, ఏటి మధ్య లంకలో ఇంకో వేళ తెలిసింది.

వాట్సాప్‌లో పాత సందేశాలూ కొత్తవీ కలిసిపోతాయి. చర్చ అక్కడ ఎంతైనా సాగనివ్వండి, నిర్ణయం మాత్రం ముఖాముఖిగానే. తేదీ, వేళ, చోటు ఒకే సందేశంలో ఉండాలి, అదే రేవు దగ్గర పలక మీదా రాయాలి. ఫోను లేని ఇళ్లకు ఎవరు వెళ్లి చెబుతారో అప్పుడే తేల్చుకోవాలి.

సమస్య: "మీ నాయకుడెవరు?" అని అధికారి అడిగారు. లోపలికి వెళ్లినాయన అన్నిటికీ ఒప్పేసుకుని వచ్చారు.

కారణం: ఏం అడగాలో చెప్పి పంపారు, ఎక్కడ ఆగాలో చెప్పలేదు.

పరిష్కారం: ముగ్గురు వెళ్లాలి, వారిలో ఒక కౌలుదారు, ఒక స్త్రీ ఉండాలి. కోరికలు కాగితం మీద రాసుకోవాలి. కొత్త ప్రతిపాదన వస్తే "ఊరిని అడిగి చెబుతాం" అనాలి, అక్కడ సంతకం పెట్టకూడదు. మరుసటిసారి ఇద్దరు మారి ఒకరు కొనసాగితే పాత మాటలు గుర్తుంటాయి. జరిగినదంతా ఆ సాయంత్రమే గట్టు మీద అందరికీ చెప్పాలి. తెల్లారేదాకా ఆగితే పుకారు ముందే లంక దాకా వెళ్లిపోతుంది.