మట్టి తవ్వే తేనెటీగనీ, చర్మంలోని బాక్టీరియానీ పోల్చడం ఎలా?

ఇంగ్లండ్‌లో ఎ-లెవెల్ (మన ఇంటర్ లాంటి చదువు) బయాలజీ పిల్లలకు పాఠాలు చెబుతుంటాను. రెండు జీవుల్ని పోల్చమంటే చాలామంది "ఇది పెద్దది, అది చిన్నది" దగ్గరే ఆగిపోతారు. అందుకే కావాలని అసలు పొంతన లేని జంటను ఇస్తాను: మట్టి తవ్వే తేనెటీగ ఆండ్రినా ఫుల్వా, చర్మంలో ఉండే బాక్టీరియా క్యూటిబాక్టీరియం యాక్నెస్.

పోలికను పట్టికగా, ఒక్కో అంశానికి ఒక్కో వరుసగా రాయండి. ముందు పేర్లు పూర్తిగా రాయండి. ఉత్త తేనెటీగ అంటే తేనెపట్టు గుర్తొస్తుంది. ఆండ్రినా పట్టు పెట్టదు. వసంతంలో ఇక్కడి పెరటి గడ్డిలో మట్టి తవ్వి గూడు చేసుకుంటుంది. బాక్టీరియాకేమో 2016లో పేరు మారింది. పాత పుస్తకాల్లో ప్రొపియోనిబాక్టీరియం యాక్నెస్ అని కనిపిస్తే కంగారు పడకండి, అదీ ఇదే.

కొలతలు ఒకే ప్రమాణంలోకి మార్చండి. ఈ తేనెటీగ సుమారు 1 సెంటీమీటరు, అంటే 10,000 మైక్రోమీటర్లు; బాక్టీరియా సుమారు 1 మైక్రోమీటరు. అంటే దాదాపు 10,000 రెట్ల తేడా.

ఇక "రెండూ కన్నాల్లోనే ఉంటాయి" అని రాయాలనిపిస్తుంది. రాయండి, కానీ ఆ కన్నం ఎవరు చేశారు, ఎందుకు అని వెంటనే అడగండి. ఆడ ఈగ 20–30 సెంటీమీటర్ల లోతున సొరంగం తవ్వుతుంది. అందులో చిన్న చిన్న గదులు చేసి, పుప్పొడీ మకరందమూ కలిపిన ముద్ద పెట్టి, గదికొక గుడ్డు పెట్టి మూసేస్తుంది. బాక్టీరియా ఏమీ తవ్వదు. మన వెంట్రుకల కుదుళ్లలో నూనె గ్రంథులు తెరుచుకునే చోట చేరి, ఆ జిడ్డులోని కొవ్వును విడగొట్టి తింటుంది. అక్కడ ఆక్సిజన్ తక్కువ, దానికి కావాల్సిందీ అదే. ఈగకు ఆక్సిజన్ లేకపోతే బతుకే లేదు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: ప్రతి వరుసలో ఒక్క జీవి గురించి రాస్తున్నారా, గుంపు గురించా అన్నది తేల్చుకోండి. గూడు పని మొత్తం ఒక్క ఆడ ఈగదే. బాక్టీరియా కొవ్వును విడగొట్టినప్పుడు వచ్చే ఆమ్లాలు చర్మాన్ని కాస్త ఆమ్లంగా ఉంచి కొన్ని హానికర సూక్ష్మజీవుల్ని అడ్డుకుంటాయి. అది కోట్ల కణాలు కలిస్తే జరిగే పని. ఈ తేడా పట్టుకున్న జవాబు చదువుతుంటే నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది.

ప్రత్యుత్పత్తి వరుస తేలిక: ఈగకు ఏడాదికి ఒకే తరం, బాక్టీరియా కణం గంటల్లో రెండవుతుంది.

చివరి వరుసలో "మేలు, కీడు" అని పెట్టకండి. ఈగ తోటల్లో పూలకు పరాగసంపర్కం చేస్తుంది, నిజమే. కానీ మొటిమల పేరు మోస్తున్న ఈ బాక్టీరియా మొటిమలు లేనివాళ్ల చర్మంలోనూ ఉంటుంది. ఆ వరుసకు "మనిషితో సంబంధం" అని పేరు పెట్టి, ఈ రెండు విషయాలూ రాయండి.