సముద్రపు గాలికి బాల్కనీ మొక్కలు మాడిపోతుంటే

మాది బీచ్ రోడ్డు వైపు బాల్కనీ. గులాబీలు ఎన్ని తెచ్చినా నెల తిరక్కుండానే ఆకుల అంచులు మాడిపోయేవి. గాలితో వచ్చే ఉప్పు పట్టేసేది. ఇక గులాబీల మీద డబ్బు పెట్టడం మానేసి, ఈ గాలిని తట్టుకునేవే తెచ్చాను: గన్నేరు, కాగితం పూలు, కలబంద. గన్నేరు ఆకు చూడండి, ఎంత దళసరిగా ఉంటుందో! దాని గాలి రంధ్రాలు ఆకు అడుగున చిన్న గుంటల్లో, నూగు మధ్య దాక్కుని ఉంటాయి, అందుకే గాలికి తొందరగా ఎండదు. తీరం ఇసుకలో సరుగుడు బతికేదీ ఇలాగే, ఆకుల్ని సన్నటి పొలుసుల్లా కుదించుకుని.

రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు నది ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలపండి. గాలి బాగా వీచిన మర్నాడు పొద్దున్నే ఆకుల్ని మంచినీళ్ళతో కడగండి. పదిహేను రోజులకోసారి 12 అంగుళాల కుండీకి బకెట్ నీళ్ళు నెమ్మదిగా పోస్తే మట్టిలో చేరిన ఉప్పు అడుగు నుంచి దిగిపోతుంది.

మీ బోరు నీళ్ళే ఉప్పగా ఉంటే మాత్రం ఇది పనిచేయదు, ఉప్పు ఇంకా పెరుగుతుంది. కుళాయి నీళ్ళో, పట్టి ఉంచిన వాన నీళ్ళో వాడండి.