రిపోర్ట్‌లో ఉన్న పూర్తి పేరుతోనే వెతకండి

రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోతోంది, ఎడమపక్క బరువుగా ఉంటోంది అని నాన్న అంటుంటే రక్తపరీక్ష చేయించాం. తెల్లకణాలు మామూలుగా 4,000 నుంచి 11,000 దాకా ఉంటాయి. నాన్నకి 1,86,000 ఉన్నాయి. ల్యాబ్‌లో “బ్లడ్ క్యాన్సర్ కావచ్చు, పెద్దాసుపత్రికి వెళ్లండి” అన్నారు. ఆ రాత్రి గుంటూరులో అక్క వాళ్ల డాబా మీద కూర్చుని “బ్లడ్ క్యాన్సర్ ఎన్నాళ్లు బతుకుతారు” అని ఫోన్‌లో కొట్టాను. తెల్లవారేదాకా చదివాను, ఏడ్చాను. అందులో నాన్న జబ్బు గురించి ఉన్నది చాలా తక్కువని తర్వాత తెలిసింది. మీ ఇంట్లో ఇలాంటి రిపోర్ట్ వస్తే మీకు అలాంటి రాత్రి రాకూడదనే ఇది రాస్తున్నాను.

జబ్బు ఖరారయ్యేదాకా వెతకడం ఆపండి. బ్లడ్ క్యాన్సర్ అంటే ఒక్క జబ్బు కాదు. కొన్ని వారాల్లోనే ముదురుతాయి, కొన్ని ఏళ్ల తరబడి నెమ్మదిగా నడుస్తాయి. నాన్నది క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా, సీఎంఎల్ అంటారు. రిపోర్ట్ చివర ‘ఇంప్రెషన్’ అన్న చోట ఆ పేరు, పక్కనే ‘క్రానిక్ ఫేజ్’ (జబ్బు నెమ్మదిగా నడిచే దశ) అని ఉన్నాయి. ఆ రెండో మాట వదలొద్దు. ఇదే జబ్బు ముదిరి బ్లాస్ట్ ఫేజ్‌కి వెళ్తే వైద్యం వేరు, అంచనా వేరు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూసి దించుకుని, పూర్తి పేరుతో వెతకండి.

ఇంకో మాట. ‘బీసీఆర్-ఏబీఎల్ పాజిటివ్’ అని చూసి అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది, మంచి మాటే కదా అని. బీసీఆర్-ఏబీఎల్ అంటే సీఎంఎల్ తెచ్చే తప్పుడు జన్యువు. రిపోర్ట్‌లో పాజిటివ్ అంటే వాళ్లు వెతికింది దొరికిందని. అది మంచో చెడో ఆ పరీక్షని బట్టే ఉంటుంది.

అన్నిటికంటే నన్ను దెబ్బతీసింది తేదీ. సీఎంఎల్‌లో 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. అలా పొట్టిగా మిగిలిన దాన్ని 1960లో కనిపెట్టారు, ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అంటారు. దాని మీదున్న బీసీఆర్-ఏబీఎల్ వల్ల పుట్టే తప్పుడు ప్రొటీన్ తెల్లకణాలను ఆగకుండా పుట్టిస్తుంది. దాన్ని అడ్డుకునే ఇమాటినిబ్ మాత్రకు అమెరికాలో అనుమతి వచ్చింది 2001 మేలో. నేను ఏడుస్తూ చదివిన పేజీలో “మూడు నుంచి అయిదేళ్లు” అని ఉంది. అది ఈ మాత్ర రాకముందు లెక్క! ఇమాటినిబ్‌తో మొదలుపెట్టిన వాళ్లను పదేళ్లకు పైగా గమనించిన పెద్ద అధ్యయనం 2017లో అచ్చయింది. పదేళ్లకు నూటికి 83 మంది బతికే ఉన్నారని అందులో అంచనా కట్టారు. కాబట్టి ఏ పేజీ తెరిచినా ముందు కిందికి వెళ్లి ఎప్పుడు అప్‌డేట్ చేశారో చూడండి. తేదీ లేకపోతే మూసేయండి. ఆ 83 కూడా మా నాన్న అంకె కాదు. ఆయనకి 67 ఏళ్లు, షుగర్ ఉంది.

ఎక్కడ చదవాలంటే, అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ సైట్‌లో రోగుల కోసం ఒక పేజీ, డాక్టర్ల కోసం ఒక పేజీ ఉంటాయి. రోగుల పేజీతో మొదలుపెట్టండి. మెడ్‌లైన్‌ప్లస్, బ్రిటన్ ఎన్‌హెచ్‌ఎస్ కూడా సులువుగా అర్థమవుతాయి. ఫోన్‌లో తెలుగులోకి మార్చుకున్నా, మందుల పేర్లు, పరీక్షల పేర్లు మాత్రం ఇంగ్లిష్‌లోనే రాసిపెట్టుకోండి.

పెదనాన్న ప్రేమతోనే ఒక ఆకు కషాయం వీడియో పంపారు. ఇమాటినిబ్‌ని విడగొట్టేది కాలేయం. కొన్ని మూలికలు ఆ పనిని వేగం చేసి మందు బలం తగ్గిస్తాయి, గ్రేప్‌ఫ్రూట్ లాంటివి నెమ్మది చేసి మందును ఒంట్లో పెంచేస్తాయి. డాక్టర్‌ని అడగకుండా ఏదీ కలపొద్దు. జబ్బు గురించి చెబుతూ చివర్లో కొరియర్ చేస్తామని ఫోన్ నంబర్ ఇస్తే అది వైద్యం కాదు, అమ్మకం.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. నేను ఎడమ పేజీలో చదివింది ప్రశ్నగా రాసేదాన్ని, కుడి పేజీ డాక్టర్ జవాబుకి. “ఏ ఫేజ్? పీసీఆర్ ఎన్ని నెలలకోసారి? మూడో నెలకి ఎంతకి దిగాలి?” పీసీఆర్ అంటే రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఎంత ఉందో కొలిచే పరీక్ష. చివరి ప్రశ్నకి ఆయనే పెన్ను తీసుకుని రాశారు: 3 నెలలకి 10 శాతం లోపు, 6 నెలలకి 1, ఏడాదికి 0.1.

“నాన్నకి చెప్పొద్దు” అని చుట్టాలందరూ అన్నారు. నేను నాన్ననే అడిగాను, ఎంతవరకు చెప్పమంటావని. కాసేపు ఆలోచించి, “అమ్మాయ్, పొలం ఈ ఏడు కౌలుకివ్వాలా వద్దా, అదొక్కటి కనుక్కో” అన్నాడు. ఎడమ పేజీలో అదే రాశాను. కుడి పేజీలో జవాబుంది: “ఇవ్వక్కర్లేదు. మాత్ర మాత్రం రోజూ భోజనంతో, నిండు గ్లాసు నీళ్లతో.”