రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసుకోవడం ఎలా

బోర్ల మీద ఆధారపడిన ఊళ్లో ఎవరి చేలో ఏ పంట వేయాలో ఎవరికి వారే తేల్చుకుంటారు. నీళ్లు మాత్రం అందరికీ భూమిలో ఒకచోటివే. అందుకే విత్తనాలు కొనకముందే, అంటే అక్టోబరు మొదట్లోనే, ఊరు కలిసి లెక్క చూసుకోవాలి. ఉమ్మడి అనంతపురం, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్ సహా ఏడు కరువు జిల్లాల్లో 2000ల దశకంలో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే, రైతులే భూగర్భజలాలను చూసుకునే పథకం కింద రైతులు చేసింది ఇదే. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) తోడ్పడింది, కొలతలు మాత్రం రైతులే తీశారు. ఈ పద్ధతికి ప్రాణం అక్కడే ఉంది. బయటివాళ్లు తెచ్చిన అంకెను ఊరు నమ్మదు.

పని జూన్‌లో మొదలుపెట్టండి. వర్షమాపకాన్ని చెట్లకూ గోడలకూ దూరంగా, బయలు చోట పెట్టి రోజూ ఉదయం 8:30కి చూడాలి. నీటిమట్టం కొలవడానికి మోటారు లేని పాత బోరును ఎంచుకోండి. మోటారున్న బోర్లలో పైపుల సందున టేపు ఇరుక్కుంటుంది. పదిహేను రోజులకోసారి, తెల్లవారుజామున, చుట్టుపక్కల మోటార్లు ఆన్ కాకముందే కొలవాలి. పక్క బోరు నడుస్తుండగా తీసిన కొలత తప్పే అవుతుంది.

బోరు ఎంత పోస్తుందో చూడాలంటే మోటారు వేసిన అరగంట తర్వాత డెలివరీ పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండే సమయం ఫోన్‌లో చూడండి. 100 సెకన్లు పడితే సెకనుకు 2 లీటర్లు, గంటకు 7,200. మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి.

ఇక లెక్క. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,047 లీటర్లు. వాగు పరీవాహకం 2,000 ఎకరాలు, వాన 500 మి.మీ. అనుకుందాం. గ్రానైటు నేలల్లో పదో వంతు ఇంకుతుందనుకుంటే 40.5 కోట్ల లీటర్లు. బంకమన్ను ఎక్కువుంటే ఇంకా తక్కువ. ఇందులోంచి ముందు తాగునీరు తీసి పక్కన పెట్టాలి. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున 2,000 మందికి మే దాకా 240 రోజులకు 2.64 కోట్లు, పశువులతో కలిపి 3 కోట్లు. ఖరీఫ్‌లో 11 కోట్లు తోడి ఉంటే మిగిలేది 26.5 కోట్లు. వరికి 1,200 మి.మీ. చొప్పున ఎకరాకు 48.5 లక్షల లీటర్లు కావాలి, అంటే 54 ఎకరాలకే సరి. 500 మి.మీ. చాలే వేరుశనగైతే 130 ఎకరాలు పండుతుంది. వరి మడిలోంచి కొంత నీరు మళ్లీ ఇంకుతుంది కానీ, మొదటి ఏడాది దాన్ని జమ కట్టకండి.

ఈ అంకెలను రచ్చబండ దగ్గర గోడ మీద పెద్దగా రాసి, వారం తర్వాత సభ పెట్టండి. బోర్లున్న రైతులను మాత్రమే పిలిస్తే సభ పాడైనట్టే. ఎండాకాలం బిందెలు మోసేది ఆడవాళ్లు, పంట వేసేది చాలాచోట్ల కౌలుదార్లు. బోరు లేనివాళ్ల తాగునీరూ అదే లెక్కలో ఉంది. మధ్యాహ్నం సభ పెడితే కూలికి వెళ్లేవాళ్లు రారు కాబట్టి సాయంత్రం పెట్టండి, ముందురోజు చాటింపు వేయించండి. వాగు రెండు పంచాయతీల్లో పారితే రెండు ఊళ్లూ రావాలి.

సభలో ఎవరి మీదా జరిమానా మాట ఎత్తకండి. ఎత్తితే వరి ఎకరాలు తక్కువ చెబుతారు, లెక్క అక్కడే చెడుతుంది. ఎవరు ఎన్ని ఎకరాలు వేరుశనగలాంటి, తక్కువ నీరు చాలే ఆరుతడి పంటలకు మారుస్తారో వాళ్ల నోటితోనే చెప్పించి రాసుకోండి. మహారాష్ట్రలోని హివరే బజార్ సాగుకు బోర్లనూ చెరకునూ కట్టడి చేసింది. ఏళ్ల తరబడి గ్రామసభ మాట చెల్లిన ఊరు కాబట్టి అక్కడ అది సాధ్యమైంది, మొదటి ఏడాదే మనం ఆ దారి పట్టడం తొందరపాటు. ఊరి తాగునీటి బోరు సంగతి వేరు. దానికి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టమే చెబుతోంది, అక్కడ గట్టిగా ఉండండి.

డిసెంబరులో చేలు తిరిగి నిజంగా వేసిన పంటలు రాసుకుని, అదే గోడ మీద అనుకున్న ఎకరాల పక్కన పెట్టండి. మే చివర్లో నీటిమట్టం అంచనా కంటే బాగా పడిపోతే ముందు లెక్కలోకి రాని బోర్లున్నాయేమో వెతకండి. అవి లేకపోతే వచ్చే ఏడాది ఇంకుడు 10 బదులు 8 శాతంగా వేసుకోండి.